కారు మళ్ళీ పెయింట్ చేయించే ముందు ఇంట్లో బాడీ సిద్ధం చేయడం: రేకు తేలేదాకా గీకాలా?

చక్రి_సెడాన్
పాత సెడాన్. రూఫు మీద, బానెట్ మీద క్లియర్ కోటు (రంగు పైన ఉండే పారదర్శక పొర) పెచ్చులుగా లేస్తోంది. వెనక డోరుకి అరచేయంత సొట్ట. వెనక చక్రం పైన ఆర్చి అంచున పెయింట్ ఉబ్బింది, గోరుతో నొక్కితే గోధుమరంగు పొడి రాలింది. మిగతా బాడీ అంతా గట్టిగానే ఉంది, రంగు వెలిసిందంతే. రంగు కొట్టడం షెడ్డులోనే చేయిస్తాను, నా దగ్గర స్ప్రే గన్ను లేదు, దుమ్ము లేని జాగా కూడా లేదు. కానీ రుద్దడం, లప్పం, ప్రైమర్ (రంగు కింద వేసే పునాది పూత) దాకా నా చేతుల మీదుగా చేసుకోవాలని గట్టిగా ఉంది. చిక్కు ఏంటంటే అడిగిన ప్రతివాళ్ళూ ఒక్కో మాట చెప్తున్నారు. ఒకాయన పెయింట్ రిమూవర్ పూసి మొత్తం రేకు తేలేదాకా తీసెయ్ అంటాడు, ఇంకొకాయన పైపైన వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పుకాగితం) కొట్టి ఇచ్చెయ్, మిగతాది పెయింటే కప్పేస్తుంది అంటాడు. ఇద్దరూ ఈ పని చేసినవాళ్ళే. ఎవరి మాట పట్టుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

మైక్రాన్
ఇద్దరి మాటా వద్దు. గట్టిగా అతుక్కుని ఉన్న పెయింట్‌ని ఉంచాలి, పట్టు తప్పినదాన్ని మాత్రం మొహమాటం లేకుండా తీయాలి.

ఎందుకో చెప్తాను. ఫ్యాక్టరీలో రేకుల బాడీని ముందు ఫాస్ఫేట్ ద్రావణంతో శుద్ధి చేసి, తర్వాత ఈ-కోట్ అనే ప్రైమర్ ట్యాంకులో నిండా ముంచి కరెంటు పంపిస్తారు. ఆ ప్రైమర్ సందుల్లోకి, మడతల్లోకి, మన చెయ్యి పోని చోటికి కూడా పోయి పట్టుకుంటుంది. మందం సుమారు 20 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). తర్వాత 160 నుంచి 180 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాలుస్తారు. ఈ పని ఇంట్లోనే కాదు, మామూలు షెడ్డులో కూడా ఎవరూ చేయలేరు. మంచి ఈ-కోట్‌ని గీకి పారేసి దాని జాగాలో చేత్తో వేసే ప్రైమర్ పెడితే కారుకి మేలు జరిగినట్టు కాదు.

అలాగని పెయింటే అన్నీ కప్పేస్తుందన్న మాట కూడా తప్పే. ఫ్యాక్టరీ పొరలన్నీ కలిపితే ఉండేది సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో క్లియర్ వాటా 40, 50. అంత పల్చటి పొర గుంతని ఏం కప్పుతుంది? పైగా కొత్త పెయింట్ మెరుపుకి కింద ఉన్న లోపం ఇంకా బాగా కనిపిస్తుంది.

తుప్పువేట
మైక్రాన్ గారితో పూర్తిగా ఒప్పుకోను. ఫ్యాక్టరీ పెయింట్ ఒక్కటే ఉంటే మీ మాట నిజం. మూడుసార్లు నాలుగుసార్లు పెయింట్ పడిన బండ్లు చూస్తుంటాను, పైన చూస్తే గట్టిగా ఉంటుంది, బ్లేడు పెట్టి లేపితే అడుగున తుప్పు పాములా పాకి ఉంటుంది. అలాంటి దానికి రేకు తేలాల్సిందే. ముందు ఈ కారు చరిత్ర తెలియాలి కదా.

మైక్రాన్
దానికి అడ్డు చెప్పను. పొరలు ఎక్కువైతే పగులుతుంది కూడా. మందం కొలిచే మీటర్ ఎవరి దగ్గరైనా దొరికితే అన్ని ప్యానెళ్ళ మీదా పెట్టి చూడండి. 100 నుంచి 150 దగ్గర ఉంటే ఒరిజినల్ అనుకోవచ్చు. 250, 300 దాటితే మళ్ళీ కొట్టారని లెక్క, వేలల్లోకి పోతే అడుగున లప్పం ఉంది.

పాతబండి
మీటర్ లేకపోయినా తెలుసుకోవచ్చు చక్రి గారూ. పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని బాడీ మీద పాకించండి. ఒకచోట గట్టిగా లాగి ఇంకోచోట వదులైపోతే అక్కడ లప్పం దాగుందన్నమాట. బానెట్‌కి అసలు అంటుకోకపోతే అది అల్యూమినియం కావచ్చు, కొన్ని కార్లకి అలా వస్తుంది. దానికి రుద్దే కాగితం, బ్రష్షు వేరేగా పెట్టుకోండి. ఇనుము రుద్దిన కాగితం అల్యూమినియం మీద వాడితే ఇనుప రజను అందులో దిగబడి తర్వాత పొక్కులు లేస్తాయి.

రెండోది థిన్నర్ పరీక్ష. పైకి కనబడని చోట, డిక్కీ మూత లోపలి అంచు లాంటిది, గుడ్డని లాకర్ థిన్నర్‌లో తడిపి అరనిమిషం అదిమి పట్టండి. రంగు కరిగి గుడ్డకి అంటితే, లేదా పెయింట్ మెత్తబడి ముడతపడితే, ఇంతకుముందు ఎవరో వన్‌కే (హార్డెనర్ కలపకుండా ఆరే రకం) పెయింట్ కొట్టారు. దాని మీద టూకే (హార్డెనర్ కలిపి కొట్టే రకం) పెయింట్ కొడితే కింది పొర ఉబ్బి ముడతలు తేలుతుంది. ఏమీ కాకపోతే నిశ్చింతగా ముందుకెళ్ళండి.

మూడోది, నున్నటి వాటర్ పేపర్ తడిపి రెండు రుద్దులు రుద్దండి. నీళ్ళు తెల్లగా వస్తే పైన క్లియర్ ఉంది. బాడీ రంగు వస్తే సింగిల్ స్టేజ్ (పైన క్లియర్ లేని పెయింట్), లేదా ఆ చోట క్లియర్ అయిపోయింది.

గ్యారేజ్_గోపి
అందరూ గీకడం గురించే మాట్లాడుతున్నారు, దానికి ముందు చేయాల్సింది ఒకటుంది. కాగితం చేతిలోకి తీసుకునే ముందే కారుని కడగాలి. మామూలు షాంపూతో దుమ్ము పోయేదాకా ఒకసారి, ఆరాక వ్యాక్స్ గ్రీజ్ రిమూవర్‌తో ఒకసారి. ఇన్నేళ్ళూ రాసిన పాలిష్, వ్యాక్స్, రోడ్డు మీది తారు అన్నీ పైనే ఉంటాయి. కడగకుండా రుద్దితే అదంతా కాగితం గీతల్లోకి దిగిపోతుంది, తర్వాత ఎంత తుడిచినా పైకి రాదు.

తుడవడానికి రెండు గుడ్డలు కావాలి. ఒకదాన్ని రిమూవర్‌తో తడిపి చిన్న భాగం, ఒక డోరులో సగం అనుకోండి, అంత తడపాలి. అది గాలికి ఆరిపోక ముందే రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తిప్పి తిప్పి తుడిస్తే ఇక్కడి జిడ్డు అక్కడికి పూసినట్టే. గుడ్డ నూలు రాలకూడదు, చవక రకం రంగు గుడ్డలు అసలు వద్దు. రుద్దడం మొత్తం అయ్యాక, ప్రైమర్ ముందు ఇదే పని మళ్ళీ చేయాలి. ఆ తర్వాత ఒట్టి చేతులతో ముట్టుకోకండి, చేతికీ జిడ్డు ఉంటుంది.

తలుపు హ్యాండిళ్ళు, లైట్లు, బీడింగులు, అద్దాలు ఊడదీయగలిగినవన్నీ ఊడదీయండి. టేపు వేసి చుట్టూ రుద్దితే ఆ అంచుల్లో రుద్దని గీత ఒకటి మిగులుతుంది, కొత్త పెయింట్ లేవడం అక్కడే మొదలవుతుంది.

సుజాత_కె
గోపి గారి మాటకి మా ఇంట్లోనే ఉదాహరణ ఉంది. మా అన్నయ్య వ్యానుకి షెడ్డులో పెయింట్ చేయిస్తే ఒక పక్క అంతా సూదిమొన సైజు గుంతలు పడ్డాయి. ఫిష్ ఐ అంటారట. పెయింట్‌ని అనుమానించారు, గన్‌ని అనుమానించారు. చివరికి చూస్తే అదే షెడ్డులో పక్క బండి టైర్లకి మెరుపు స్ప్రే కొడుతున్నారు. అందులో సిలికాన్ ఉంటుంది, గాల్లో తేలి వచ్చి రేకు మీద కూర్చుంటుంది. ఆ పక్కంతా మళ్ళీ రుద్దించి కొట్టించాల్సి వచ్చింది. కారు పని అయ్యేదాకా డ్యాష్‌బోర్డ్ పాలిష్, టైర్ షైన్, తలుపు కీళ్ళకి కొట్టే స్ప్రేలు ఆ దరిదాపుల్లో తెరవకండి.

నీలిరంగు
సుజాత గారూ, ఇది ఎవరూ చెప్పరు. మా కంప్రెసర్ పక్కనే టైర్ షైన్ డబ్బా ఉంది, ఇప్పుడే తీసి దూరంగా పెట్టాను 😄

చక్రి_సెడాన్
అన్ని పరీక్షలూ చేశాను. బాడీ అంతా అయస్కాంతం బాగా పట్టింది, కుడి ముందు డోరు కింది అంచు దగ్గర మాత్రం వదులుగా ఉంది. థిన్నర్‌కి ఏమీ కరగలేదు. డోర్ల మీద నీళ్ళు తెల్లగా వచ్చాయి, రూఫు మధ్యలో మాత్రం వెండి రంగు. అంటే అక్కడ క్లియర్ మొత్తం పోయిందనే కదా?

ఇక ఏ కాగితం ఎక్కడ వాడాలి? దుకాణంలో 80 నుంచి 2000 దాకా (అంకె పెరిగేకొద్దీ నునుపు) వరసగా పెట్టి ఏది కావాలంటున్నారు.

బ్లాక్‌పట్టు
అవును, రూఫు మధ్యలో క్లియర్ లేదు, ఎండ నేరుగా బేస్ కోటునే, అంటే రంగు పొరనే తింటోంది. రూఫు, బానెట్ రెండింటికీ 180తో మొదలుపెట్టి లేచిన క్లియర్ మొత్తం తీసేయండి. దగ్గర్లో గట్టిగా ఉన్నట్టు కనిపించే క్లియర్‌ని కూడా నమ్మకండి, గోరుతో అంచు గీరి చూడండి. లేస్తే అదీ పోవాలి. సగం లేచిన క్లియర్ మీద కొత్తది కొడితే కొత్తదాన్ని కూడా పట్టుకుని లేస్తుంది.

అంచుల్ని జారుగా చేయడం అసలు పని. రేకు తేలిన చోట చుట్టూ క్లియర్, రంగు, ప్రైమర్, ఈ-కోట్ ఒకదాని వెనక ఒకటి చెట్టు మొద్దు కోస్తే కనిపించే వలయాల్లా కనబడాలి, ఒక్కో వలయం కనీసం వేలెడు వెడల్పు. వలయం సన్నగా ఉందంటే అక్కడ ఇంకా మెట్టు ఉందన్నమాట. 180తో మొదలుపెట్టి 240, తర్వాత 320. ఈ మెట్టు వదిలేస్తే కొత్త ప్రైమర్‌లోని థిన్నర్ ఆ అంచులోకి దిగి ఉబ్బిస్తుంది, కొన్ని వారాల తర్వాత మెరిసే పెయింట్ మీద మ్యాపులా గీత తేలుతుంది. అప్పుడు పెయింటర్ని తిట్టినా ఫలితం ఉండదు.

లప్పం చెక్కడానికి 80, ఆకారం వచ్చాక 120, 80 గీతలు పోవడానికి 180. దాని మీద ప్రైమర్. ప్రైమర్‌ని 320తో చదును చేసి 400, చివరగా సాలిడ్ రంగైతే 500, మెటాలిక్ అయితే 600 లేదా 800 తడిపి. మీది వెండి రంగు కాబట్టి 600కి తక్కువలో ఆపొద్దు, గరుకు గీతల్లో మెటాలిక్ రేణువులు దారి తప్పి గీతలు గీతలుగా మెరుస్తాయి. అలాగని 1500 దాకా నున్నగా చేస్తే రంగు పట్టుకోవడానికి గరుకు మిగలదు. ఒక గ్రిట్ (కాగితం గరుకు అంకె) నుంచి ఇంకోదానికి దూకేటప్పుడు 400 దాకా వందకి మించి దూకకండి, మరీ ముతక దగ్గర అంతకన్నా చిన్న అడుగులు వేయండి.

చేత్తో పట్టుకుని మాత్రం రుద్దొద్దు. వేళ్ళ కింద ఒత్తిడి ఎక్కువ, వేళ్ళ మధ్య తక్కువ, పొడుగ్గా కాలువలు పడతాయి. బ్లాక్ కావాలి. వంపు ఉన్నచోట మెత్తటి బ్లాక్, చదునైన చోట పొడుగాటి గట్టి బ్లాక్, ఎప్పుడూ ఐమూలగా, ఒకసారి ఇటు ఒకసారి అటు.

నీలిరంగు
కాగితం వెనక కొన్నిటికి పీ అని ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఒకటేనా?

బ్లాక్‌పట్టు
కాదు, మంచి ప్రశ్న. పీ ఉంటే యూరప్ కొలత, లేకపోతే అమెరికన్ కొలత కావచ్చు. 220 దాకా రెండూ దాదాపు ఒకటే, పైకి పోయేకొద్దీ విడిపోతాయి. అమెరికన్ 400 అంటే సుమారు పీ800, అమెరికన్ 600 అంటే సుమారు పీ1200. నేను పైన చెప్పినవన్నీ పీ కొలతలే. చాలామంది 600 కొట్టాం కదా, ఎందుకు పట్టు రాలేదు అని అడిగేది ఇక్కడే.

పాతబండి
మడత గీతలు, డోరు అంచులు, బానెట్ మొన, వీటి మీద ముందే టేపు వేసి మిగతాది రుద్దండి. అంచు మీద పెయింట్ పల్చగా ఉంటుంది, కాగితం రెండుసార్లు తగిలితే రేకు తేలిపోతుంది. చివర్లో టేపు తీసి, అంచుని బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో నెమ్మదిగా మొద్దు చేస్తే చాలు.

చక్రి_సెడాన్
ఆర్చి దగ్గర ఉబ్బిన పెయింట్ గీకాను. పైకి చిటికెన వేలంత కనబడింది, గీకేసరికి అరచేయంత అయింది. రేకు మీద చిన్న చిన్న గుంటలు, వాటి అడుగున నల్లగా ఉంది. రంధ్రం మాత్రం పడలేదు. దీనికి తుప్పు కన్వర్టర్ పూసి లప్పం పెడితే సరిపోతుందా?

తుప్పువేట
ముందు లోపలి నుంచి చూడండి. చక్రం విప్పి, ఆర్చి లోపలి ప్లాస్టిక్ తీసి, టార్చి వేసి, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. తుప్పు లోపల పుట్టి బయటికి వచ్చిందా, బయట రాయి తగిలి లోపలికి పోతోందా అన్నది తెలిస్తేనే మందు తెలుస్తుంది. ఆర్చి అంచు రెండు రేకుల మడత, ఆ మడతలో మట్టి చేరి తడి నిలబడుతుంది. లోపల నుంచి అయితే బయట మీరెంత అందంగా చేసినా మళ్ళీ ఉబ్బుతుంది. పొడిస్తే మొన దిగిందంటే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. రంధ్రం మీద లప్పం పెట్టడం వైద్యం కాదు, వెనక నుంచి వచ్చే తడి లప్పాన్ని తోసేస్తుంది.

రేకు గట్టిగా ఉంటే గుంటల అడుగున ఉన్న నలుపు పోవాలి. వైర్ బ్రష్షు చక్రం పెట్టి తిప్పితే పైన మెరుస్తుంది, గుంటలో తుప్పు మాత్రం అలాగే నునుపెక్కి ఉండిపోతుంది. చిన్న సాండ్ బ్లాస్టింగ్ దొరికితే అన్నిటికన్నా మంచిది. లేదంటే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న ద్రావణం పూసి, ఆరిపోకుండా తడిగా ఉంచి, బ్రష్షుతో గీరి, నీళ్ళతో పూర్తిగా కడిగి వెంటనే వేడిగాలితో ఆరబెట్టండి. యాసిడ్ మిగిలితే దాని మీద ఎపాక్సీ ప్రైమర్ నిలబడదు. చేతులకి గ్లోవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. టానిన్ ఉన్న కన్వర్టర్ వేరే రకం, అది తుప్పుని నల్లటి పొరగా మారుస్తుంది. గుంటల్లో మిగిలిన కాస్తకి పనికొస్తుంది కానీ పొరలు పొరలుగా ఉన్న తుప్పుకి పనికిరాదు. దాని మీద ఏ ప్రైమర్ వేయొచ్చో డబ్బా మీద చదవండి.

శుభ్రమైన రేకు తేలిన రోజే ప్రైమర్ పడాలి. గాలిలో తేమ ఉంటే సాయంత్రానికే పసుపు పొర మొదలవుతుంది.

లప్పంరాజు
ఈ పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను కాబట్టి సొట్ట సంగతి నేను చెప్తాను. లప్పం ఆఖర్న. ముందు రేకుని వెనక నుంచి, లేదా బయటికి లాగే పుల్లర్‌తో, వీలైనంత దగ్గరికి తీసుకురావాలి. టింకరింగ్ చేయకుండా గుంతనంతా లప్పంతో నింపితే మందం ఎక్కువై పగులుతుంది. పూర్తయ్యాక 3 మిల్లీమీటర్లకి మించకుండా చూసుకోండి.

హార్డెనర్ బరువులో 2 శాతం దగ్గర. అంటే 100 గ్రాముల లప్పానికి 2 గ్రాములు. తొందరగా గట్టిపడుతుందని ఎక్కువ వేస్తే అందులోని పెరాక్సైడ్ పైకి వచ్చి పెయింట్ రంగు మారిపోతుంది, మచ్చ తేలుతుంది. తక్కువ వేస్తే కాగితానికి అంటుకుంటూనే ఉంటుంది. నున్నటి పలక మీద అదిమి అదిమి కలపండి, గిలక్కొడితే గాలి చేరి తర్వాత సూది రంధ్రాలు పడతాయి. చేతిలో ఉన్నది గట్టిపడటం మొదలైతే పారేయండి, మళ్ళీ కొత్తది కలుపుకోండి. మిగిలిపోయినది వేడెక్కుతుంది, గుడ్డలున్న చెత్తబుట్టలో వేయకండి.

లప్పాన్ని నీళ్ళతో రుద్దకూడదు. నీళ్ళు పీల్చుకుని రేకు దగ్గర దాచిపెడుతుంది. పొడిగానే రుద్దాలి. రేకు మీద 80 గరుకు ఉండాలి, శుభ్రమైన రేకు మీద నేరుగా పెట్టాలి.

మైక్రాన్
రాజు గారి అనుభవం మీద గౌరవంతోనే చివరి మాట దగ్గర విభేదిస్తున్నాను. రేకుని 80తో గరుకు చేసి, ముందు ఎపాక్సీ ప్రైమర్ వేసి, దాని మీద లప్పం పెడితే రేకు ఎక్కడా తెరిచి ఉండదు. లప్పం అంచు చుట్టూ రుద్దేటప్పుడు మిగిలే గోరంత రేకుకి కూడా రక్షణ ఉంటుంది. పేరున్న ఎపాక్సీల డేటా షీట్లలో పాలియెస్టర్ లప్పం దాని మీద పెట్టొచ్చని, ఎన్ని గంటల్లోపు రుద్దకుండానే పెట్టొచ్చో కూడా రాస్తారు. చక్రి గారి లాంటి వాళ్ళు, సాయంత్రం రెండు గంటలు, ఆదివారం ఒక పూట పని చేసేవాళ్ళు, రేకుని రోజుల తరబడి తెరిచి ఉంచలేరు కదా.

ఒక్క జాగ్రత్త. ఎచ్ ప్రైమర్ మీద మాత్రం లప్పం పెట్టకండి. అందులో యాసిడ్ ఉంటుంది, లప్పం గట్టిపడటాన్ని చెడగొడుతుంది. ఎచ్ ప్రైమర్ మీద ఎపాక్సీ కూడా వద్దు. రెండింట్లో ఒకటే.

లప్పంరాజు
మీరు చెప్పిన ఎపాక్సీ పద్ధతి మంచిదే, కాదనను. నేను రేకు మీద పెట్టి అదే పూట ప్రైమర్ కొట్టేస్తాను, అందుకే నాకు తుప్పు రాలేదు. ఇంట్లో ఆగి ఆగి చేసేవాళ్ళకి మాత్రం మీ దారే నయం. ఎచ్ ప్రైమర్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, ఆ లప్పం పలకలా ఊడి రావడం కళ్ళారా చూశాను.

తుప్పువేట
ఇద్దరూ ఒప్పుకున్న రోజు ఇది, ఈ థ్రెడ్‌ని దాచుకోవాలి 🙂

షెడ్డుశీను
పెయింట్ కొట్టేవాడిగా నా మాట కూడా వినండి. ఇంట్లో సిద్ధం చేసి తెచ్చిన బండి అంటే మాలో సగం మంది వెనకాడతారు. పని బాగోలేదని కాదు, కింద ఏముందో తెలియదు కాబట్టి. రేపు లేచిందంటే పేరు మాకే వస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందే మీ పెయింటర్ దగ్గరికి వెళ్ళి ఏ ప్రైమర్ వాడితే ఆయన రంగుకి సరిపోతుందో అడగండి, అదే కంపెనీది అదే వరస కొనండి. డబ్బాలు పారేయకండి. ఎక్కడ రేకు తేలింది, ఎక్కడ లప్పం ఉంది, ఎన్ని కోట్లు వేశారు, ఫోన్లో ఫోటోలు తీసి పెట్టండి.

డబ్బాలో వచ్చే వన్‌కే స్ప్రే ప్రైమర్‌తో మొత్తం కారు కొట్టి తేకండి. అది ఆరినట్టే ఉంటుంది, మేము టూకే కొట్టగానే థిన్నర్ పీల్చుకుని మెత్తబడుతుంది, తర్వాత వారాల తరబడి కుంచించుకుపోయి కింది గీతలన్నీ చూపిస్తుంది. గోరంత రేకు తేలిన చోటికి పర్వాలేదు, ప్యానెల్ అంతటికీ వద్దు.

పెయింట్ రిమూవర్ సంగతి కూడా. చక్రి గారి మిత్రుడు చెప్పాడే, అది మడతల్లోకి, రేకుల అతుకుల్లోకి దిగితే కడిగినా పోదు. మేము పెయింట్ కొట్టాక బయటికి కారి కొత్త పెయింట్‌ని తింటుంది. మెథిలీన్ క్లోరైడ్ ఉన్న రకాలు మూసిన గదిలో ప్రాణాలే తీశాయి, అందుకే అమెరికాలో 2019లో మామూలు వినియోగదారులకి అమ్మడం ఆపించారు.

వసుధ_గాలి
ప్రాణాల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, ఇంత మాట్లాడారు, టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయని ఒక్కరూ ఎందుకు చెప్పలేదు? ఇవి ఊపిరితిత్తులకి చేసే పని ఎలర్జీ లాంటిది. ఒకసారి శరీరం పగబట్టిందంటే తర్వాత చాలా కొద్ది మోతాదుకే ఆస్తమా వస్తుంది, జీవితాంతం. వాసన రావడం లేదు కాబట్టి లేవు అనుకోవడానికి వీల్లేదు, వాసన తెలిసేలోపే హద్దు దాటి ఉంటుంది. టూకే స్ప్రే చేసేటప్పుడు బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కే సరైనది. ఇంట్లో అది లేకపోతే టూకే స్ప్రే చేయకండి, అంతే. పిల్లలు తిరిగే ఇంటి ముందు అసలు వద్దు.

నీలిరంగు
ఎన్95 సరిపోదా?

వసుధ_గాలి
దుమ్ముకి సరిపోతుంది, ఆవిరికి ఏమాత్రం పనికిరాదు. రుద్దేటప్పుడు ఎన్95 వేసుకోండి, లప్పం దుమ్ము చాలా సన్నం. కారు మరీ పాతదైతే పెయింట్‌లో సీసం ఉండొచ్చు, అలాంటిది పొడిగా రుద్దకుండా తడిపి రుద్ది, ఆ బురద ఎత్తి పారేయండి. థిన్నర్, గ్రీజ్ రిమూవర్ వాడేటప్పుడు కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్క్, నైట్రైల్ గ్లోవ్స్. చుట్టుపక్కల మంట, హీటర్ ఉండకూడదు.

షెడ్డుశీను
వసుధ గారు చెప్పింది అక్షరాలా పాటించండి. నాతో పని నేర్చుకున్న ఒకతను ఇప్పుడు పెయింట్ గది దరిదాపుల్లోకి రాలేడు. ఎపాక్సీలో ఐసోసయనేట్ ఉండని రకాలే ఎక్కువ, కానీ డబ్బా చదవకుండా నమ్మొద్దు. ఉండకపోయినా దాని హార్డెనర్ చర్మానికి పడదు. చిన్న చిన్న చోట్లకి బ్రష్షుతోనో చిన్న రోలర్‌తోనో వేయండి, ఎలాగూ రుద్దేదే కదా.

గ్యారేజ్_గోపి
బంపర్లు మర్చిపోయాం. ప్లాస్టిక్ మీద ఫ్యాక్టరీ పెయింట్ గట్టిగా ఉంటే దాన్ని తీయకండి, కడిగి బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. ప్లాస్టిక్ తేలిన చోట మాత్రం అడ్హీషన్ ప్రమోటర్ (పట్టు పెంచే పూత) కావాలి. బంపర్ లోపలి వైపు పీపీ అనో పీపీ ప్లస్ ఈపీడీఎం అనో అచ్చు ఉంటుంది, ఆ రకం ప్లాస్టిక్‌కి మామూలు ప్రైమర్ అంటుకోదు. ముతక కాగితం వాడితే ప్లాస్టిక్ నూగు లేస్తుంది, అది మళ్ళీ చదును కావడం చాలా కష్టం.

మాస్కింగ్‌కి న్యూస్‌పేపర్ కాకుండా మాస్కింగ్ పేపర్ వాడండి, న్యూస్‌పేపర్‌లోంచి థిన్నర్ దిగిపోతుంది. ప్రైమర్ వేసే చోటు చుట్టూ టేపుని గట్టిగా అదిమి గీత పెట్టకుండా, పేపర్‌ని వెనక్కి మడిచి గుండ్రంగా వదిలేస్తే అంచులో మెట్టు రాదు. ఎండలో టేపు రాత్రంతా వదిలేయకండి, జిగురు అంటుకుపోతుంది.

చక్రి_సెడాన్
అందరికీ థాంక్స్. పెయింటర్ని కలిశాను. ఎపాక్సీ ఏది వాడాలో రాసిచ్చాడు, సర్ఫేసర్ (రంగుకి ముందు చదును కోసం వేసే ప్రైమర్) టూకే కాబట్టి అది, ఆఖరి 600 రుద్దుడు, రంగు తన దగ్గరే అన్నాడు. నాకు మిగిలింది కడగడం, రూఫు బానెట్ క్లియర్ తీయడం, ఆర్చి, సొట్ట, ఎపాక్సీ, లప్పం. ఆర్చి లోపల చూశాను, రేకు గట్టిగా ఉంది, రాయి తగిలి బయట నుంచే మొదలైంది. కుడి డోరు కింద పాత లప్పం అంచులో సన్నటి పగులు ఉంది, మొత్తం తీసేస్తే రేకు మీద తుప్పు చారలు కనబడ్డాయి. తుప్పువేట గారు అన్నదే నిజం, ఈ ఒక్క చోట రేకు తేలాల్సిందే.

ఇప్పుడు రెండు డౌట్లు. లప్పం చదునైందో లేదో చూస్తే తెలియడం లేదు. ఇంకోటి, ఎపాక్సీ వేశాక షెడ్డుకి పోయేలోపు కొన్ని వారాలు పట్టొచ్చు, ఈలోగా బండి నడపొచ్చా?

బ్లాక్‌పట్టు
కంటితో కాదు, చేత్తో చూడాలి. పల్చటి నూలు గ్లోవ్ వేసుకుని అరచేయి మొత్తం ఆనించి, బాగున్న చోట మొదలుపెట్టి లప్పం మీదుగా అవతలి బాగున్న చోటుదాకా పొడుగ్గా జరపండి. వేలికొనలతో తడిమితే ఏమీ తెలియదు. కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది.

తర్వాత గైడ్ కోటు. నల్లటి పొడి రకం రుద్దొచ్చు, లేదా మ్యాట్ నలుపు స్ప్రేని దూరం నుంచి మంచులా చల్లొచ్చు. బ్లాక్‌తో రెండు మూడు రుద్దులు రుద్దితే ఎత్తులో నలుపు పోతుంది, పల్లంలో నలుపు మిగులుతుంది. నలుపు మిగిలిందని ఆ ఒక్కచోటే రుద్దుతూ కూర్చోకండి, పల్లం ఇంకా లోతవుతుంది. ఇంకో పల్చటి లప్పం పొర వేసి మళ్ళీ మొత్తం మీద బ్లాక్ నడపండి. చివరగా గ్రీజ్ రిమూవర్‌తో తడిపి, అది ఆరేలోపు ఏటవాలుగా లైటు పట్టి చూడండి. ఆ తడి మెరుపులో లైటు గీత వంకర పోయిందంటే అక్కడ ఇంకా పని ఉంది.

పాతబండి
బ్లాక్‌పట్టు గారికి బ్లాక్ ఇచ్చి వదిలేస్తే కిటికీ అద్దాన్ని కూడా చదును చేస్తారు.

మైక్రాన్
నడపొచ్చు, కానీ కొన్ని షరతులు. ఎపాక్సీ తడిని బాగా ఆపుతుంది, లప్పం ఆపదు. కాబట్టి లప్పం రుద్దడం అయ్యాక దాని మీద కూడా ఇంకో ఎపాక్సీ కోటు మూసేయండి, తెరిచిన లప్పంతో వానలోకి వెళ్ళొద్దు. ఎండ ఎపాక్సీకి పడదు, పైన పొడి తేలుతుంది, నీడలో పెట్టండి లేదా గాలి ఆడే కవర్ వేయండి.

ప్రతి ఎపాక్సీకి ఒక గడువు ఉంటుంది, ఆలోపు అయితే రుద్దకుండానే పై కోటు పట్టుకుంటుంది. అది దాటితే రుద్ది గరుకు చేశాకే తర్వాతి కోటు. మీకు ఎలాగూ వారాలు పడుతుంది కాబట్టి గడువు దాటినట్టే లెక్క. వేసిన తేదీ మాస్కింగ్ టేపు మీద రాసి లోపల డోరు ఫ్రేముకి అంటించండి. 15 డిగ్రీల కిందికి పోయే రాత్రుల్లో వేయకండి, గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది.

తుప్పువేట
ఆర్చి లోపలి వైపు, కుడి డోరు లోపల అడుగున, ఈ రెండు చోట్లా కావిటీ వ్యాక్స్ (లోపలి బోలులో తుప్పు ఆపే మైనం) కొట్టాలి. కానీ ఇప్పుడు కాదు, పెయింట్ అయ్యి బాగా గట్టిపడ్డాక. ముందే కొడితే అది కారి బయటికి వచ్చి గోపి గారు చెప్పిన జిడ్డు కథ మళ్ళీ మొదలవుతుంది. డోరు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు ఉంటాయి, లప్పంతోనో ప్రైమర్‌తోనో మూసుకుపోయాయేమో తీగ పెట్టి చూడండి. పాత లప్పం కింద తుప్పు రావడానికి కారణం అదే అయి ఉండొచ్చు.

చక్రి_సెడాన్
చూశాను. రెండు రంధ్రాలు మట్టితో, ఒకటి పాత లప్పంతో బిగుసుకుపోయి ఉన్నాయి. తీగతో పొడిస్తే డోర్లోంచి గ్లాసెడు మురికి నీళ్ళు కారాయి.

షెడ్డుశీను
అయితే ఆ డోరు లోపల పూర్తిగా ఆరేదాకా ఎపాక్సీ వేయకండి. లోపలి ప్యాడ్ విప్పి, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి అడుగు మడత ఆరబెట్టండి, తర్వాత ఒక రాత్రి అలాగే వదిలేయండి. పొద్దున్న అడుగున టిష్యూ అదిమి చూడండి, తడి అంటితే ఇంకో రోజు ఆగండి.